మెడికల్ సోషల్ వర్క్‌లో స్థిరపడాలంటే ఏ నైపుణ్యాలు అలవరచుకోవాలి? గజపతి, గంజాం, రాయగడ, కోరాపుట్ జిల్లాల వారి సలహా కోరుతున్నాను

పర్లాకిమిడి అమ్మాయి:

సభ్యులందరికీ నమస్కారం. నేను సమాజశాస్త్రంతో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. మాది ఒడిశా–ఆంధ్ర సరిహద్దులోని పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతకు కొండల మీదినుంచి వచ్చేవారితో అంతో ఇంతో సవర మాట్లాడుతూ పెరిగాను. ఎంఎస్‌డబ్ల్యూలో (సోషల్ వర్క్ పీజీ కోర్సులో) చేరి, మెడికల్ అండ్ సైకియాట్రిక్ సోషల్ వర్క్‌ను ప్రత్యేక విభాగంగా తీసుకుని, ఆసుపత్రిలో పనిచేయాలని నా కోరిక. మా బంధువుల్లో ఈ ఉద్యోగం చేసినవారు ఎవరూ లేరు. మా మేనమామ గారు దీన్ని నర్సు ఉద్యోగమని అనుకుంటున్నారు, మా నాన్నగారేమో జీతం లేని సేవ అనుకుంటున్నారు. ఇద్దరికీ సరిగా వివరించి చెప్పగలిగేంత అవగాహన నాకూ లేదు.

కళాశాల ప్రవేశ పత్రాల్లో ఈ వృత్తికి సహానుభూతి, సహనం, సంభాషణా చాతుర్యం కావాలని రాసి ఉంటుంది. అవి ఏ ఉద్యోగానికైనా కావలసినవే గనుక, వార్డులో అడుగుపెట్టిన రోజు నుంచి అక్కరకు వచ్చే నైపుణ్యాలు ఏమిటో, అందులోనూ రెండు రాష్ట్రాల మధ్య తిరిగే రోగులు ఎక్కువగా ఉండే మన ప్రాంతంలో ఏవి ముఖ్యమో తెలుసుకోగోరుతున్నాను. ఇంటర్మీడియట్‌లో సైన్సు చదవకపోవడం నాకు అడ్డంకి అవుతుందా అన్నది కూడా దయచేసి చెప్పండి.

బరంపురం వార్డు:

అమ్మా, ముందుగా మీ మేనమామ గారికీ నాన్నగారికీ చెప్పవలసిన మాట. వైద్యుడు రాసిన చికిత్స రోగి జీవితంలో సాగకుండా అడ్డుపడేవి కొన్ని ఉంటాయి: డబ్బు, దూరం, భయం, ఇంట్లో పెత్తనం, చేతిలో లేని కాగితం. వీటిని కనిపెట్టి, వీలైనంత వరకు తొలగించడం మెడికల్ సోషల్ వర్కర్ పని. చికిత్స తీసుకుని వెళ్లిన రోగులు అదే జబ్బుతో మళ్లీ మళ్లీ తిరిగి రావడం చూసి, రోగుల ఇళ్ల పరిస్థితి తెలియనిదే తన వైద్యం నిలవదని గ్రహించిన డాక్టర్ రిచర్డ్ కాబట్, 1905లో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో ఈ పనికి ప్రత్యేకంగా మనిషిని పెట్టించారు. మన దేశంలో 1946లో భోర్ కమిటీ ఆసుపత్రులకు సోషల్ వర్కర్లు అవసరమని సిఫార్సు చేసింది, అదే ఏడాది బొంబాయి జె.జె. ఆసుపత్రిలో తొలి నియామకం జరిగింది. కాబట్టి ఇది నర్సు ఉద్యోగమూ కాదు, ఊరికే చేసే సేవా కాదు. చదువు, శిక్షణ, జీతం ఉన్న వృత్తి.

ఇక నైపుణ్యాల విషయం. నేను చాలాకాలంగా ప్రభుత్వ ఆసుపత్రి వార్డుల్లో పనిచేస్తున్నాను. మా దగ్గరికి ఫీల్డ్‌వర్క్‌కు వచ్చే పిల్లల్లో నేను మొదట చూసేది వారు ప్రశ్న అడిగే తీరు. రోగి మంచం పక్కన నిలబడి, చేతిలో ఫారం పట్టుకుని, ‘ఆదాయమెంత, పిల్లలెంతమంది, రేషన్ కార్డుందా’ అని వరుసగా అడిగితే వచ్చే జవాబులు ఫారం నింపడానికి సరిపోతాయి గానీ రోగికి ఎందుకూ కొరగావు. స్టూలు లాక్కుని కూర్చుని, ఇంటినుంచి ఆసుపత్రికి ఎలా వచ్చారో మొదటినుంచీ చెప్పమని అడగండి. ఏ ఊరినుంచి బయలుదేరారు, మధ్యలో ఎవరింట ఆగారు, ఆటోకు డబ్బు ఎవరిచ్చారు, ఇక్కడికి రాకముందు ఎవరికి చూపించారు అనే ఒక్క వరుసలో ఆ కుటుంబం అప్పులు, అండదండలు, నమ్మకాలు అన్నీ వాటంతట అవే బయటపడతాయి.

మన గంజాం జిల్లా విషయానికి వస్తే మరొకటి గమనించాలి. నిర్ణయం తీసుకునే మనిషి చాలాసార్లు మంచం దగ్గర ఉండడు, సూరత్‌లో మగ్గం దగ్గర ఉంటాడు. ఆపరేషన్‌కు సంతకం పెట్టమంటే తల్లి తల అడ్డంగా ఊపుతుంది, వైద్యులు ఆమెకు అర్థం కాలేదనుకుని మళ్లీ మొదటినుంచి వివరిస్తారు. ఆమెకు అంతా అర్థమైంది. పెద్దకొడుకును అడగకుండా ఔననే చొరవ ఆమెకు లేదు, అంతే. ఆ కొడుకు షిఫ్టు దిగే వేళ కనుక్కుని, ఫోను కలిపి, సర్జన్ గారి చేత అయిదు నిమిషాలు మాట్లాడించగలిగితే రెండు రోజుల జాగు తప్పుతుంది. ఇది చేయాలంటే కుటుంబాన్ని కాగితం మీద గీయడం రావాలి. ఎంఎస్‌డబ్ల్యూలో జీనోగ్రామ్ అని నేర్పుతారు: మగవారికి చతురస్రం, ఆడవారికి వృత్తం, వారి మధ్య సంబంధాలకు గీతలు. పరీక్ష కోసం నేర్చుకుని వదిలేసేవారే ఎక్కువ. నేను మాత్రం కొత్త రోగి ఎవరు వచ్చినా అది గీసి, దాని పక్కనే డబ్బు ఎవరిది, మాట ఎవరిది, చాకిరీ ఎవరిది అని మూడు గుర్తులు పెట్టుకుంటాను. ఆ మూడూ ఒకే మనిషి దగ్గర ఉండడం అరుదు.

తర్వాతది కాగితాల పరిజ్ఞానం. దీన్ని గుమాస్తా పనిగా తీసిపారేసేవారు ఈ సరిహద్దులో ఒక్క నెల కూడా నెగ్గుకు రాలేరు. ఒడిశాలో 2018 నుంచి బిజూ స్వాస్థ్య కళ్యాణ్ యోజన అనే ఆరోగ్య పథకం నడిచింది. దాని స్థానంలో 2025 ఏప్రిల్‌లో కేంద్ర పథకం ఆయుష్మాన్ భారత్‌ను, రాష్ట్ర పథకం గోపబంధు జన ఆరోగ్య యోజనను కలిపి అమలు చేయడం మొదలైంది. దీని కింద కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయలు, మహిళా సభ్యులకు అదనంగా మరో 5 లక్షల రూపాయల మేర చికిత్స అందుతుంది. అటు 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్నది, అది ఆ రాష్ట్రవాసులకే. పర్లాకిమిడి మనిషి సరిహద్దు అవతల ఆంధ్రలోని పాతపట్నంలో ఉన్న చెల్లెలి కార్డు చూసి తనకూ అదే వర్తిస్తుందనుకుని విశాఖ వెళ్లి, అక్కడ కౌంటర్‌లో కాదనిపించుకుని తిరిగి వచ్చిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. ఆయుష్మాన్ కార్డు ఉన్నవారు ఇతర రాష్ట్రాల్లో కూడా, ఆ పథకంలో చేరిన ఆసుపత్రికి వెళ్తే చికిత్స పొందవచ్చు. అయితే ఏ ఆసుపత్రి చేరింది, ఏ జబ్బుకు చేరింది, ముందస్తు అనుమతికి ఏయే కాగితాలు కావాలి అన్నవి రోగి బండి ఎక్కకముందే ఫోను చేసి కనుక్కోవడం మీ పని.

మన తెలుగు కుటుంబాలకు ప్రత్యేకంగా మరో చిక్కు ఉంది. ఇంటిపేరు మనం ముందు పెడతాం, ఇక్కడి రికార్డుల్లో అది చివరకు వెళుతుంది, పెళ్లయ్యాక ఆడవారి పేరు మరోలా మారుతుంది. ఆధార్‌లో ఒకటి, రేషన్ కార్డులో ఒకటి, ఓపీ చీటీ మీద గుమాస్తా విని రాసుకున్నది ఇంకొకటి. అడ్మిషన్ రోజునే మూడింటినీ పక్కపక్కన పెట్టి చూసుకునే అలవాటు చేసుకోండి. డిశ్చార్జ్ నాడు బయటపడితే సరిదిద్దించేసరికి తలప్రాణం తోకకు వస్తుంది.

డిశ్చార్జ్ అన్నాను గనుక ఒక్క మాట: వార్డులో అందరి పనీ అక్కడ ముగుస్తుంది, మీది అక్కడ మొదలవుతుంది. చీటీ మీద ‘15 రోజుల తర్వాత రావలెను’ అని ఉంటుంది. ఆ పదిహేనో రోజు ఏ వారం వస్తుంది, ఆ రోజు ఆ ఊరి సంతా, ఓపీ ఉందా, నౌపడ–గుణుపురం రైలు దిగి ఆసుపత్రికి చేరేసరికి చీటీలు ఇచ్చే వేళ దాటిపోతుందా అని చూసి, అవసరమైతే వైద్యునితో మాట్లాడి తేదీ మార్పించాలి. ఇలాంటివి ఏ పాఠ్యపుస్తకంలోనూ కనిపించవు.

జయపురం వైద్యుడు:

పై సమాధానంతో పూర్తిగా ఏకీభవిస్తూ, వైద్యుని వైపు నుంచి రెండు విషయాలు చేర్చదలచాను.

మొదటిది నోట్సు రాయడం. సోషల్ వర్కర్ల పరిశీలన మా కేస్ షీట్‌లలో చాలాసార్లు ఈ విధంగా ఉంటుంది: ‘రోగి పేదవాడు. ఆర్థిక సహాయం అవసరం. కౌన్సెలింగ్ ఇవ్వబడింది.’ ఈ మూడు వాక్యాలు చదివి నేను చేయగలిగింది ఏమీ లేదు, ఎందుకంటే ఆ వార్డులో ఉన్న ప్రతి మంచానికీ అవే వర్తిస్తాయి. దీనికి భిన్నంగా, మధుమేహంతో చేరిన ఒక వృద్ధురాలి షీటులో మా సోషల్ వర్కర్ ఇలా రాశారు: ‘ఇంట్లో ఫ్రిజ్ లేదు. సూది వేయగలిగినది మనవరాలు ఒక్కతే. ఆమె ఆశ్రమ పాఠశాల హాస్టల్లో ఉంటూ సెలవులకే ఇంటికి వస్తుంది. ముసలమ్మకు చూపు మందగించి సిరంజి మీది గీతలు కనిపించవు.’ అది చదివిన వెంటనే నేను రోజుకు రెండు పూటల ఇన్సులిన్ ఆలోచన పక్కనపెట్టి, రోజుకు ఒక్కసారితో సరిపోయే ఏర్పాటు చూశాను. ఆ ఒక్క సూదీ వేయడానికి ఆ ఊరి ఆశా కార్యకర్తతో మాట్లాడి ఒప్పించిందీ, తడి ఇసుకలో మట్టికుండ పెట్టి మందు చల్లగా దాచుకునే పద్ధతి కోడలికి చేసి చూపించిందీ ఆ సోషల్ వర్కరే. వైద్యుని నిర్ణయాన్ని మార్చగలిగే సమాచారం ఏదో గుర్తించి, దానిని నాలుగు వాక్యాల్లో రాయగలగడం నా దృష్టిలో ఈ వృత్తిలో అన్నిటికంటే విలువైన నేర్పు.

రెండవది సైన్సు గురించి. ఇంటర్మీడియట్‌లో బైపీసీ చదవకపోవడం అడ్డంకి కాదు. అయితే తరచుగా ఎదురయ్యే పది పన్నెండు జబ్బుల నడక మీకు కంఠతా వచ్చి ఉండాలి. మామూలు టీబీకి ఆరు నెలల మందులు. రెండో నెల దాటేసరికి దగ్గు తగ్గి, ఆకలి పుట్టి, రోగి తనకు నయమైందనుకుని మానేసే ప్రమాదం ఎక్కువ గనుక, మీరు గట్టిగా పట్టుకోవలసిన కాలం అదే. మా కోరాపుట్, రాయగడ జిల్లాల్లో వంశపారంపర్యంగా వచ్చే రక్తజబ్బు సికిల్ సెల్ కనిపిస్తుంది. భార్యాభర్తలిద్దరూ వాహకులైతే (తమకు జబ్బు లేకున్నా దాని జన్యువు ఉన్నవారైతే) ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ‘మొదటి బిడ్డకు వచ్చింది గనుక మిగతా ముగ్గురికీ రాదు’ అని లెక్కవేసుకునే తల్లిదండ్రులకు ఆ పొరపాటు విడమరచి చెప్పగలగాలి. ఇది ఆడదాని దోషమని అత్తవారు నింద వేసే చోట, ఇద్దరి నుంచీ వస్తేనే జబ్బు అవుతుందని నెమ్మదిగా, ఎవరినీ నొప్పించకుండా చెప్పడం ఇంకా కష్టం. సికిల్ సెల్ 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో చేరిన సంగతి, ధ్రువపత్రానికి దరఖాస్తు చేసుకునే విధానం కూడా తెలిసి ఉంటే ఆ కుటుంబానికి మీరు నాకన్నా ఎక్కువ ఉపయోగపడతారు.

రాయగడ కౌన్సెలర్:

నేను హెచ్‌ఐవీ, టీబీ విభాగాల్లో కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. బరంపురం మేడం గారి అనుభవం మీద నాకు గౌరవం ఉంది, కానీ పథకాల పరిజ్ఞానానికి ఆమె ఇచ్చినంత ప్రాధాన్యం నేను ఇవ్వలేను. పథకాల పేర్లు, మొత్తాలు ప్రభుత్వాలతో మారిపోతుంటాయి. టీబీ రోగులకు 2018లో నెలకు 500 రూపాయలతో మొదలైన నిక్షయ్ పోషణ్ సాయం 2024 నవంబరు నుంచి 1,000 రూపాయలైంది. రేపు మరొకటి అవుతుంది. వీటిని ఎప్పటికప్పుడు చూసి తెలుసుకోవచ్చు. గుట్టు కాపాడడం మాత్రం ఏ వెబ్‌సైటులోనూ దొరకదు, అది ఒంటికి పట్టాలి.

దుబాసీల సంగతే తీసుకోండి. కువి అనే గిరిజన భాష మాత్రమే మాట్లాడే ఒక ఆడమనిషి వచ్చిందనుకోండి. వార్డులో కువి వచ్చినది అటెండరు ఒక్కడే, అతడిది ఆమె పక్క ఊరు. అతడిని కూర్చోబెట్టుకుని మాట్లాడితే ఆ సాయంత్రానికి విషయం ఊరికి చేరుతుంది. వెంట వచ్చిన కొడుక్కి ఒడియా వచ్చు గదా అని ఆ పదేళ్ల పిల్లవాడి చేత తల్లి జబ్బు సంగతులు అడిగించడం అంతకంటే దారుణం. వేరే బ్లాకుకు చెందిన ఆరోగ్య కార్యకర్తను పిలిపించడమో, నమ్మకస్తురాలైన కార్యకర్తతో ఫోనులో, రోగి పేరూ ఊరూ చెప్పకుండా మాట్లాడించడమో చేయాలి. ఆలస్యమైతే అవుతుంది. 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం రోగి సమ్మతి లేకుండా ఆ వివరం బయటపెట్టకూడదు. ‘ఏం జబ్బమ్మా వాళ్లది’ అని అడిగేవారు మీ పైఅధికారి బంధువులైనా సరే, మీ నోరు మెదపకూడదు. అదే సమయంలో, ఏది దాచకూడదో కూడా తెలియాలి. పదిహేనేళ్ల పిల్ల గర్భంతో వస్తే, కుటుంబం ఎంత బతిమాలినా, పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన 2012 నాటి పోక్సో చట్టం కింద సమాచారం ఇవ్వక తప్పదు. ఆ మాట పిల్లకూ తల్లికీ ముందే చెప్పి, తర్వాత ఏమేమి జరుగుతుందో వివరించి, పోలీసులు వచ్చినప్పుడు పక్కన ఉండడం మన బాధ్యత.

ఆత్మహత్యా యత్నం చేసి ప్రాణాలతో బయటపడినవారు అత్యవసర విభాగం నుంచి నేరుగా ఇంటికి వెళ్లిపోతుంటారు. వారితో మాట్లాడడానికి చాలామంది జంకుతారు. ‘చనిపోవాలన్న ఆలోచన ఇంకా వస్తోందా’ అని సూటిగా అడిగితే ఆలోచన పుట్టించినట్లు అవుతుందని భయపడతారు. అలా అవదు, అడిగినందుకు ఊరట పొందేవారే ఎక్కువ. ఈ ప్రశ్న వణుకు లేని గొంతుతో అడగగలిగేలా శిక్షణలో సాధన చేయండి. ఇంటికి పంపేటప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416 వారి ఫోనులో ఎక్కించి పంపండి.

ఉద్యోగం గురించి కూడా నిజం చెప్పాలి. ఈ జిల్లాల్లో ఎక్కువ పోస్టులు కాంట్రాక్టువి; జీతం చాలదు, ఒక్కోసారి ఆలస్యంగా వస్తుంది. నేను ఇంతకుముందు పనిచేసిన ఒకచోట కౌన్సెలర్ గదిని మందుల అట్టపెట్టెలతో నింపేసి, రోగితో వరండాలో మాట్లాడుకోమన్నారు. గది కోసం రాతపూర్వకంగా అడిగి, అడుగుతూనే ఉండి, చివరికి సాధించుకున్నాను. అలా అడగగలగడాన్ని కూడా నైపుణ్యంగానే లెక్కవేసుకోండి.

గిరిసోల గేటు:

నేను ఈ వృత్తిలోని వాడిని కాదు. మా నాన్నగారికి డయాలసిస్ జరుగుతోంది, ఆ అనుభవంతో నాలుగు మాటలు రాస్తున్నాను. మా చిన్నాన్న గారిది ఆంధ్ర వైపు, ఉద్దానంలోని కవిటి. ఆయనకూ అదే కిడ్నీ జబ్బు. ఆంధ్రప్రదేశ్‌లో డయాలసిస్ రోగికి నెలకు 10,000 రూపాయల పింఛను వస్తుంది. సరిహద్దు గేటు ఇవతల, ఒడిశాలో ఉన్న నాన్నగారికి అది వర్తించదు. ఒకే ఇంట పుట్టిన అన్నదమ్ములకు ఈ తేడా ఎందుకని ఇంట్లో రోజూ మాట వచ్చేది. మా అమ్మగారు నాన్నగారి ఆధార్‌ను కవిటి చిరునామాకు మార్పించేద్దామని పట్టుబట్టారు, దానికి ఒక దళారి డబ్బు కూడా అడిగాడు.

ఆసుపత్రిలో ఉన్న సోషల్ వర్కర్ అమ్మాయి మాకు ఉపదేశాలేవీ చేయలేదు. తప్పుడు చిరునామా పెడితే ఒడిశాలో ఉన్న చికిత్స కార్డుకే ముప్పు వస్తుందని, అటు పింఛను తనిఖీలో నిలిచిపోతే రెండింటికీ చెడ్డ రేవడి అవుతామని కాగితం మీద రాసి చూపించింది. ఆ తర్వాత అసలు ఖర్చు ఎక్కడ అవుతోందని అడిగింది. డయాలసిస్ ఉచితంగానే అవుతోంది, వారానికి మూడుసార్లు ఆటో ఖర్చే మమ్మల్ని ముంచుతోందని అప్పటిదాకా మేమే గమనించలేదు. అదే దారిలో వచ్చే మరో ఇద్దరు రోగులను ఒకే షిఫ్టులో పెట్టించమని డయాలసిస్ టెక్నీషియన్‌తో మాట్లాడింది. ఇప్పుడు ముగ్గురూ ఒకే ఆటోలో వెళ్తున్నారు. ఆమె ఇంటికి రాలేదు, పైసా ఇవ్వలేదు, కానీ మా నెల ఖర్చు మూడో వంతుకు తగ్గింది.

పర్లాకిమిడి అమ్మాయి:

ఇంత వివరంగా రాసిన పెద్దలందరికీ కృతజ్ఞతలు. పైవి చదివి మా నాన్నగారికి వినిపించాను. డయాలసిస్ ఉదంతం విన్నాక ఆయన మరి మాట్లాడలేదు. మరో మూడు సందేహాలు మిగిలాయి. ఫీల్డ్‌వర్క్ కోసం విశాఖ వైపు చదవడం మంచిదా, ఒడిశాలోనే ఉండడం మంచిదా? సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌గా పనిచేయడానికి ఎంఎస్‌డబ్ల్యూ చాలదని ఒకరు చెప్పారు, అది నిజమేనా? మూడవది కొంచెం సొంత విషయం. నాకు ఎవరైనా ఏడిస్తే ఏడుపు ఆగదు. ఇలాంటి మనస్తత్వం ఉన్నవారు ఈ పనికి పనికిరారా?

బరంపురం వార్డు:

రాయగడ వారి అభ్యంతరానికి ముందుగా జవాబు. పథకాలు మారతాయన్నది నిజమే. కానీ టీబీ రోగి ఖాతాలో ఆ 1,000 రూపాయలు పడకపోతే, కారణం కనిపెట్టే పద్ధతి మారదు. ఎప్పుడో తెరిచిన జన్‌ధన్ ఖాతా వాడకం లేక స్తంభించిందా, ఆధార్ వేరే ఖాతాకు జతపడి డబ్బు అటు పోతోందా, పేరు తేడా వచ్చిందా అని ఒక్కొక్కటే చూసుకుంటూ పోవాలి. నేను నేర్చుకోమన్నది ఆ వెతుకులాటనే. గుట్టు విషయంలో, దుబాసీల విషయంలో ఆయన రాసిన ప్రతి అక్షరంతోనూ నేను ఏకీభవిస్తాను.

మీ మొదటి సందేహానికి వస్తే, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సోషల్ వర్క్ విభాగం ఉంది, విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రికి మన దక్షిణ ఒడిశా రోగులు పెద్దసంఖ్యలో వెళతారు. బరంపురంలో ఎంకేసీజీ, కోరాపుట్‌లో షహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల ఆసుపత్రులు ఉన్నాయి. ఎక్కడ చదివినా, మీ బ్లాక్ ప్లేస్‌మెంట్‌ను (ఒకేచోట వరుసగా చేసే ఫీల్డ్‌వర్క్ శిక్షణను) మాత్రం సరిహద్దుకు రెండో వైపున అడిగి పెట్టించుకోండి. రోగిని పంపించే ఆసుపత్రి ఎలా ఆలోచిస్తుందో, అందుకునే ఆసుపత్రి ఏమి అడుగుతుందో రెండూ కళ్లారా చూసినవారు ఈ ప్రాంతంలో చాలా తక్కువ. కళాశాలను ఎంచుకునేటప్పుడు భవనాలు చూడకండి. ఫీల్డ్‌వర్క్ పర్యవేక్షకులు వారం వారం విద్యార్థి రికార్డు చదివి, ఎదురుగా కూర్చోబెట్టుకుని ప్రశ్నిస్తారా లేక సెమిస్టరు చివర సంతకం పెట్టి చేతులు దులుపుకుంటారా అని సీనియర్లను అడగండి. ఉద్యోగంలో ఉండి చదవాలనుకునేవారికి ఇగ్నో దూరవిద్య ఎంఎస్‌డబ్ల్యూ ఉంది గానీ, మీ వయసులో రెగ్యులర్ కోర్సే మేలని నా అభిప్రాయం.

రెండవ సందేహంలో మీకు చెప్పినవారి మాట నిజం. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చిన నిర్వచనం ప్రకారం సైకియాట్రిక్ సోషల్ వర్కర్ అనిపించుకోవాలంటే ఎంఎస్‌డబ్ల్యూతోపాటు, పర్యవేక్షణలో క్లినికల్ శిక్షణ కలిసిన రెండేళ్ల పూర్తికాలపు ఎం.ఫిల్ ఉండాలి. బెంగళూరు నిమ్హాన్స్, రాంచీలోని కేంద్ర మనోరోగ చికిత్సా సంస్థ వంటి చోట్ల ఈ కోర్సు నడుస్తూ వచ్చింది. యూజీసీ ఎం.ఫిల్ డిగ్రీని ఎత్తివేసినా, ఈ విభాగానికి 2025–26 విద్యా సంవత్సరం వరకు ప్రవేశాలకు మినహాయింపు ఇచ్చింది. మీ ఎంఎస్‌డబ్ల్యూ పూర్తయ్యే నాటికి ఆ స్థానంలో ఏ కోర్సు ఉంటే దాని ప్రవేశ ప్రకటన చూసుకోండి. సాధారణ ఆసుపత్రిలో మెడికల్ సోషల్ వర్కర్‌గా, వైద్య కళాశాల కమ్యూనిటీ మెడిసిన్ విభాగంలో, అవయవ మార్పిడి సమన్వయకర్తగా పనిచేయడానికి ఎం.ఫిల్ అవసరం లేదు. 2021 నాటి అలైడ్ అండ్ హెల్త్‌కేర్ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం తన జాబితాలో మెడికల్ సోషల్ వర్కర్లను కూడా చేర్చింది, కాబట్టి రిజిస్ట్రేషన్ నిబంధనల మీద ఒక కన్నేసి ఉంచండి.

మూడవదాని గురించి అంత బెంగ పడనక్కరలేదమ్మా. కన్నీళ్లు వచ్చినంత మాత్రాన ఎవరూ ఈ పనికి పనికిరాకుండా పోరు. నన్ను ఆందోళనపెట్టేది వేరే రకం పిల్లలు: రోగి బాధ చూడలేక తమ పర్సు తీసి డబ్బిచ్చేవారు, సొంత ఫోన్ నంబరు ఇచ్చి అర్ధరాత్రి కాల్స్‌కు జవాబిచ్చేవారు, ‘ఎలాగైనా ఆపరేషన్ చేయిస్తాను’ అని మాట ఇచ్చేవారు. ఆ మాట నిలవకపోతే రోగి మిమ్మల్నే కాదు, మీ తర్వాత వచ్చే సోషల్ వర్కర్‌ను కూడా నమ్మడు. ‘నేను అడిగి చూస్తాను, గురువారంలోగా అవునో కాదో చెబుతాను’ అనండి; గురువారం నాడు, జవాబు కాదన్నదే అయినా, వెళ్లి చెప్పండి. ఏడుపు వస్తే కాసేపు బయటికి వెళ్లి రండి, ఆ సంగతి పర్యవేక్షకులతో దాచకుండా మాట్లాడండి, పర్యవేక్షణ ఉన్నది అందుకే.

ఇక ఈ ఏడాది మీ చేతిలో ఉన్న సమయం గురించి. మీకు సవర అంతో ఇంతో వచ్చన్నారు. దాన్ని సంత మాటల దగ్గర ఆపకుండా, నొప్పి ఎక్కడ, ఎప్పటినుంచి, వాంతి, రక్తం, నెలసరి, మందు ఎన్నిసార్లు వేసుకున్నారు అనే వరకు తీసుకురండి. మీ ఊరి ఆశా కార్యకర్తను అడిగి ఆమె వెంట కొన్నాళ్లు తిరిగితే అది కూర్చుని చదివినదానికంటే త్వరగా వస్తుంది. ఒడియాలోనూ ఇంగ్లీషులోనూ కంప్యూటర్ మీద తప్పుల్లేకుండా టైపు చేయడం నేర్చుకోండి, మా దగ్గర ఇంటర్వ్యూకు వచ్చినవారి చేత మొదట చేయించేది ఒక రిఫరల్ లేఖ టైపు చేయించడమే. ఎంఎస్‌డబ్ల్యూ ప్రవేశ ప్రకటనలు వెలువడ్డాక సందేహం ఉంటే ఇక్కడే అడగండి.